కనుమనాడు మొదటి వాయి ఎవరికి?

ఏం వదినగారూ, పండగ పనులు ఎంతవరకూ వచ్చాయి? అరిసెల బియ్యం నానపోశారా, లేక ఈసారి కూడా స్వీటు షాపు మీదే భారం వేశారా? వేసినా తప్పేం లేదులెండి. అరిసెలు కొనుక్కోవచ్చు, జంతికలు కొనుక్కోవచ్చు. కానీ కనుమనాటి గారెలు మాత్రం బజారులో కొంటే బావుండవు. మూకుడులోంచి తీసి నేరుగా ఆకులో వేస్తేనే గారె. చల్లారిందంటే అది ఉత్త పిండిముద్దే!

ఈ వారం ఆ గారెల గురించే చెప్పుకుందాం. గారెలతోపాటు ఇంకో మాట కూడా ఉంది. అది కాస్త చేదుగా ఉంటుంది. గారెలు తిన్నాక చెబుతాను.

అమెరికాలో ఉంటున్న మా ఆడపడుచు కూతురు ఓసారి జూన్ నెలలో ఫోన్ చేసి "అత్తా, ఇవాళ మా ఆఫీసులో డోనట్ల పండగ" అంది. "అదేం పండగే, ఏ దేవుడిదీ?" అన్నాను. పకపకా నవ్వింది. దేవుడూ లేడు, పూజా లేదట. అక్కడ ఏటా జూన్ నెల మొదటి శుక్రవారం డోనట్ల రోజుట. మేనేజరు అట్టపెట్టెల నిండా డోనట్లు తెప్పించి బల్లమీద పెడతాడట. గేటు దగ్గర కాపలా అతని నుంచి పెద్దాఫీసరు దాకా అందరూ అక్కడే నిలబడి తింటారట. డోనట్టంటే మైదాపిండి పొంగించి నూనెలో వేయించి పంచదార అద్దే తీపి వంటకం. మన గారెకు ఉన్నట్టే మధ్యలో చిల్లుంటుంది.

సరదాకి పెట్టుకున్న పండగేమో అనుకున్నాను. కాదట. మొదటి ప్రపంచయుద్ధంలో, 1917లో, సాల్వేషన్ ఆర్మీ అనే సేవాసంస్థ తరఫున కొందరు ఆడవాళ్ళు ఫ్రాన్స్‌లోని యుద్ధ శిబిరాలకు వెళ్ళి, అక్కడి అమెరికా సిపాయిలకు వేడివేడి డోనట్లు వండిపెట్టారు. వాళ్ళ జ్ఞాపకార్థం 1938లో చికాగోలో ఆ సంస్థ ఈ రోజు మొదలుపెట్టింది. అంటే పొయ్యి దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళ పేరు మీద వచ్చిన పండగన్నమాట! ఈ మాట వినగానే నాకు మహా ముచ్చటేసింది.

"మీకు జూన్‌లో అయితే మాకు జనవరిలో ఉందిలేవే. కనుమ!" అన్నాను. "అవునత్తా, గారెల పండగ!" అంది అది కూడా.

నిజమే కదండీ. భోగినాడు మంటలు, సంక్రాంతినాడు పెద్దలకు పెట్టుకోవడం, కనుమనాడు పశువుల పండగ. కనుమనాడు మినుము తినాలని సామెత. ఆ రోజు కాకి కూడా కదలదని ఇంకో సామెత. అంటే ఎక్కడివాళ్ళు అక్కడే ఉండి, పనులు మాని, గారెలు తినమని పెద్దల మాట. పొద్దున్నే ఎడ్లకు స్నానాలు చేయించి, కొమ్ములకు రంగులు వేసి, మెళ్ళో గంటలు, గజ్జెలు కట్టేవాళ్ళు. ఏడాది పొడుగునా మనకోసం మెడలు వంచిన పశువులకు ఆ ఒక్కరోజూ కాడి ఉండదు. పశువులతోపాటు పాలేళ్ళకూ, చాకలికీ, మంగలికీ, కమ్మరికీ, వడ్రంగికీ ఆ రోజు రైతు ఇంట గారెలు. ఇళ్ళల్లో నాటుకోడి పులుసు. తింటే గారెలే తినాలని ఊరికే అన్నారా?

అయితే వదినగారూ, ఆ రోజుల్ని మరీ తీపిగా తలుచుకోకూడదు. మా అత్తయ్యగారు కాపురానికి వచ్చిన కొత్తలో పాలేళ్ళకు గారెలు పెరటివైపు నుంచే పెట్టేవారట. ఆకు కింద పెట్టి, ఎత్తు నుంచి వేసేవారట. ఎందుకో మనందరికీ తెలుసు, చెప్పుకోవడానికే సిగ్గు. "చేత్తో వేస్తే ఏమవుతుందే అని ఆ రోజుల్లో నాకు తట్టనే లేదు" అని ఆవిడే ఓరోజు నాతో అన్నారు. ఆవిడ నోట ఆ మాట రావడానికి నలభై ఏళ్ళు పట్టింది.

మాది చిలకలూరిపేటకూ పర్చూరుకూ మధ్య ఓ పల్లెటూరు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు చిలకలూరిపేట పల్నాడు జిల్లాలోకీ, పర్చూరు బాపట్ల జిల్లాలోకీ పోయాయిగానీ, మా నోటికి ఇంకా గుంటూరు జిల్లా, ప్రకాశం జిల్లానే వస్తాయి. నల్లరేగడి నేల. ఓవైపు పత్తి, ఓవైపు మిరప. ఇప్పుడు మా కొట్టంలో ఎడ్లు లేవు, ట్రాక్టరుంది. ఏడాది జీతానికి పాలేళ్ళూ లేరు. ఏరుళ్ళప్పుడూ, కోతలప్పుడూ ముఠాలుగా వచ్చే కూలీలే. మరి గారెలు ఎవరికి పెట్టాలి? ట్రాక్టరుకు గారె పెడితే తింటుందా?

సంక్రాంతికల్లా మిరప చేలు ఎర్రబడతాయి. ఊళ్ళో కూలీలు చాలరు. కర్నూలు జిల్లా పడమటివైపు నుంచి, ఆదోని, ఆలూరు, కోసిగి ప్రాంతాల నుంచి, కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. అక్కడ వాన తక్కువ, చేలల్లో పని ఉండదు. మూటాముల్లే, చంటిపిల్లలతో సహా వచ్చి మన పొలాల పక్కనే పట్టాలు కప్పుకుని ఉంటారు. మన పిల్లలు పండగ సెలవులకు ఇంటికి వస్తుంటే, వాళ్ళ పిల్లలు బడి వదిలి వస్తారు. ఈ మిరపకాయే కల్లాల్లో ఎండి, టిక్కీల్లోకెక్కి, గుంటూరు యార్డుకు చేరి అక్కణ్ణుంచి దేశదేశాలకూ పోతుంది. అది మనందరికీ గర్వమే. ఆ కాయ ముందు ఎవరి వేళ్ళకు తగులుతుందో ఎవరం అడగం.

పదకొండేళ్ళ కిందట నాకు ఓ బుద్ధి పుట్టింది. మన చేలో కోసేవాళ్ళందరికీ కనుమనాడు ఇంట్లో గారెలు పెడదామని. మావారు ముందు కాదన్నారు. "చేను ఎర్రబడి ఉంటే కోత ఆపుతావా?" అన్నారు. నేను వింటానా? మేస్త్రీని పిలిచి "రేపు కోత లేదు, అందరూ మా ఇంటికి భోజనానికి రావాలి" అని చెప్పేశాను. మా అత్తయ్యగారు కూడా ఏ కళనున్నారో, "వాకిట్లోనే ఆకులు వెయ్యి, పెరట్లో వద్దు" అన్నారు. పొద్దున నాలుగింటికి లేచి పప్పు రుబ్బాం. నాటుకోడి పులుసు, పరమాన్నం. నాకైతే ఆ రోజు నా అంత మంచిదాన్ని నేనే అనిపించింది!

ఇరవై ఎనిమిదిమంది వచ్చారు, పిల్లలు కాక. తలంట్లు పోసుకుని, ఉన్నంతలో మంచి చీరలు కట్టుకుని వచ్చారు. వరుసగా కూర్చున్నారు. మొదటి వాయి గారెలు నేనే వడ్డించాను. అందరూ తింటున్నారు. ఒక్క పిల్ల మాత్రం ఆకు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. పక్కన మూడేళ్ళ పిల్లాడు. "తినమ్మా, సిగ్గెందుకు?" అన్నాను. తల దించుకుంది. "కొత్తచోటు కదా, మొహమాటం" అని ఇంకో రెండు గారెలు వేశాను. అయినా ముట్టుకోదు.

పక్కనున్న పెద్దావిడ చెప్పింది. "మొహమాటం కాదమ్మా, చేతులు మండుతాండాయి దానికి. కొత్తది, ఈ ఏడే వచ్చింది."

ఆ పిల్ల చేతులు పట్టుకుని చూద్దును కదా, వేళ్ళ సందులన్నీ ఎర్రగా కాలినట్టున్నాయి. వారం నుంచీ మిరపకాయలు కోస్తోంది. పొగలు కక్కే గారె, దాని మీద కారం పులుసు. ఎలా ముట్టుకుంటుంది? రాత్రి పిల్లాడి మొహం తుడిస్తే వాడు కళ్ళు మండి తెల్లవార్లూ ఏడ్చాడట. అప్పట్నుంచి కన్నబిడ్డను ముట్టుకోవడానికి కూడా భయపడుతోందట.

నేను గబగబా బకెట్టు నీళ్ళు తెచ్చాను. "నీళ్ళు పోస్తే ఇంకా మండుతుందమ్మా" అంది పెద్దావిడ. మా అత్తయ్యగారు లోపల్నుంచి పెరుగు గిన్నె తీసుకొచ్చి ఆ పిల్ల ముందు పెట్టి, "ఇందులో ముంచి కూర్చో" అన్నారు. తినే పెరుగు! గిన్నెడు! ఒకప్పుడు ఎత్తు నుంచి గారె వేసిన చేతులే అవి. పావుగంట గడిచాక ఆ పిల్ల మొహం కాస్త తేటపడింది. ఇంకో గిన్నెలో పెరుగు పోసి, నాలుగు గారెలు నానేసి, చెంచా ఇచ్చాం. పిల్లాడికి పెడుతూ తానూ తిన్నది.

ఇంతవరకూ బాగానే ఉంది కదా. చేదు మాట ఇప్పుడు వస్తుంది.

వెళ్ళేటప్పుడు పెద్దావిడ నా దగ్గరకొచ్చి, "గారెలు బాగుండాయమ్మా. కడుపునిండా పెడితివి. కానీ ఈ పొద్దు కూలి పోయె కదా" అంది. కోపంగా అనలేదు. వాన రాలేదు అన్నంత మామూలుగా అంది.

నాకు నోట మాట రాలేదు. అప్పటిదాకా నేను సెలవు ఇచ్చాననుకున్నాను. నిజానికి ఇరవై ఎనిమిదిమంది ఒక రోజు కూలి పోగొట్టాను. పండగ నాది, ఖర్చు వాళ్ళది! వాళ్ళు ఊళ్ళో బయలుదేరేముందే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వస్తారు. అప్పు తీర్చుకోవడానికీ, వేసవిలో ఇంట్లో గింజలకీ రోజులు లెక్కపెట్టుకుని ఉంటారు. ఆ లెక్కలోంచి ఒక రోజును నేను గారెలతో కొనేశాను. మీరు ఒక్కసారి ఆలోచించండి. మన వారిని ఆఫీసువాళ్ళు పిలిచి టిఫిను పెట్టి, ఆ రోజు జీతం కోసేస్తే ఊరుకుంటామా?

ఫ్యాక్టరీల్లో, సంస్థల్లో పనిచేసేవాళ్ళకు పండగ సెలవులు జీతంతో ఇవ్వాలని మన రాష్ట్రంలో 1974లోనే చట్టం చేశారు. ఆ చట్టం పేరులో ఫ్యాక్టరీలు ఉన్నాయి, సంస్థలు ఉన్నాయి. మిరపచేను లేదు. చేలో సెలవంటే కూలి లేని రోజే.

ఆ రాత్రి మావారితో చెప్పాను. "చెయ్యని పనికి కూలి ఇస్తే ఊళ్ళో మిగతా రైతులు నన్ను బతకనిస్తారా?" అన్నారు. ఆయన మాటలోనూ నిజం ఉంది. మందులు, ఎరువులు, కౌలు, కోత కూలి అన్నీ పోను రైతుకు మిగిలేదెంతో ఇంట్లో గల్లాపెట్టె చూసుకునే మనకు తెలియంది కాదు. వాదించుకున్నాం. రెండు పూటలు మాటల్లేవు. చివరికి ఆ ఏడాది సగం కూలి ఇప్పించగలిగాను. ఆ సగం కూడా పండక్కి పుట్టింటివాళ్ళు పెట్టిన చీర డబ్బుల్లోంచి కొంత కలిపాకే. నేనేదో గొప్ప పని చేశానని చెప్పడం లేదండీ. ఇవ్వాల్సినదాంట్లో సగం ఎగ్గొట్టానని చెబుతున్నాను.

మరుసటి ఏడు పద్ధతి మార్చాం. కనుమనాడు పొద్దున్నే మంచులో కోతకు వస్తారు. పదకొండింటికి ఆపేస్తారు. కాళ్ళూ చేతులూ కడుక్కుని మా వాకిట్లోనే గారెలు. కూలి మాత్రం పూర్తి రోజుది. మావారు ముందు ముఖం ముడుచుకున్నారు. తర్వాత ఆయనే "గారెల రోజు లెక్క" అని పద్దుల పుస్తకంలో విడిగా ఒక గీత గీసుకున్నారు. ఊళ్ళో కొందరు "కూలోళ్ళను నెత్తికెక్కించుకుంటున్నారు" అన్నారు. ఇప్పటికీ అంటారు. ఇంకో రెండిళ్ళవాళ్ళు మాత్రం మాలాగే చేస్తున్నారు.

2025లో పెద్ద పరీక్షే వచ్చింది. ఆ జనవరికే మిర్చి ధర జారిపోతోంది. ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కకట్టి ఆదుకుంటామని ప్రకటించిందంటే పరిస్థితి ఎలా ఉందో చూడండి. ఆ ఏడు కనుమకు నేనూ మావారూ కూర్చుని ఏది తగ్గిద్దామా అని లెక్క వేశాం. నాటుకోడి తీసేశాం. దాని బదులు గుమ్మడికాయ పులుసు. పరమాన్నం మానేశాం. పుట్టింటికి ప్రయాణం మానేశాను. కూలి మాత్రం తగ్గించలేదు. ఏది పండగో ఏది బాకీనో తెలిశాక తగ్గించడం సులువు వదినగారూ. పండగను తగ్గించుకోవచ్చు, బాకీని తగ్గించుకోకూడదు.

ఇక ఆ పెద్దావిడ ఏం చేసిందో చెప్పాలి. రెండో ఏడు కనుమనాడు చేతిలో బట్టమూటతో వచ్చింది. అందులో జొన్నరొట్టెలు, చెనక్కాయల కారం. "మీవి మేము తింటాండాం కదా, మావి మీరు తినండి" అంది. మా అత్తయ్యగారు అందరికంటే ముందు తుంచుకుని తిన్నారు. జొన్నపిండిని మరిగే నీళ్ళతో తడిపి, వేడి మీదే మెత్తగా పిసికితే విరగకుండా వస్తుందని మాకు చేతులు పట్టి నేర్పింది. అప్పట్నుంచి మా ఇంట కనుమ విస్తట్లో గారె పక్కన రొట్టె ముక్క ఉంటోంది.

సరే, ఇక మన పేజీకి తగ్గ సంగతులు. ముందు చేతుల మంట గురించి. ఊరగాయల రోజుల్లో, కారాలు పట్టించేటప్పుడు మనకూ ఇది తప్పదు కదా.

మిరపలో మంటపుట్టించే పదార్థం పేరు క్యాప్సైసిన్. చాలామంది అది గింజల్లో ఉంటుందనుకుంటారు. నిజానికి గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లటి పీచులో ఎక్కువ. అది నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఉత్త నీళ్ళతో కడిగితే మంట పోదు, పైగా పక్కలకు పాకుతుంది. వేడినీళ్ళయితే మరీ భగ్గుమంటుంది. ఇలా చేయండి:

ముందు కొబ్బరినూనె గానీ, ఇంట్లో ఉన్న వంటనూనె గానీ చేతులకు పట్టించి, గోళ్ళ సందుల్లోకి పోయేలా బాగా రుద్దాలి. ఆ నూనెను పాతగుడ్డతో తుడిచేసి, తర్వాత సబ్బుతో చల్లటి నీళ్ళల్లో కడగాలి. మళ్ళీ ఒకసారి అలాగే. ఇంకా మంట ఉంటే చల్లటి పెరుగులోనో చిక్కటి మజ్జిగలోనో చేతులు ముంచి ఉంచాలి. పాలలోని వెన్న, కేసీన్ అనే మాంసకృత్తి మంటను లాగుతాయి. నోరు మండినప్పుడు కూడా నీళ్ళకంటే పాలు, మజ్జిగ మేలు.

కళ్ళల్లో పడితే మాత్రం నూనె, పెరుగు పెట్టకూడదు. చల్లటి శుభ్రమైన నీళ్ళు చాలాసేపు ధారగా పోస్తూ కడగాలి. మంట తగ్గకపోయినా, చేతులు బొబ్బలెక్కినా డాక్టరుకు చూపించాలి. చంటిపిల్లల తల్లులు చేతులు ఇలా శుభ్రం చేసుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోవాలి, పాలివ్వాలి. రబ్బరు తొడుగులు ఇచ్చి చూశానుగానీ, కాయ తుంచడం కుదరడం లేదని కోసేవాళ్ళు పక్కన పెట్టేశారు. పనిలోకి దిగేముందు కొబ్బరినూనె పట్టించుకుంటే కొంత మేలంటున్నారు. ఇప్పుడు మా చేను గట్టున కొబ్బరినూనె సీసా, సబ్బుబిళ్ళ, నీళ్ళ బిందె రోజూ ఉంటాయి. పెద్ద ఖర్చేమీ కాదు. పదేళ్ళు ఎందుకు తోచలేదో మాత్రం నన్ను అడక్కండి.

ఇక ముప్ఫైమందికి గారెల లెక్క. మనిషికి మామూలు గారెలు నాలుగు, పెరుగు గారెలు రెండు. మొత్తం 180. కిలో పొట్టు తీసిన మినప్పప్పుకు చేతివాటాన్ని బట్టి 70 నుంచి 80 గారెలు వస్తాయి. కాబట్టి రెండున్నర కిలోలు సరిపోతుంది. పిల్లలుంటే మూడు కిలోలు పోసుకోండి. మిగిలితే మనమే ఉన్నాం కదా!

పప్పు నాలుగైదు గంటలు నానితే చాలు. రాత్రంతా నానబెడితే నూనె పీలుస్తుంది. రుబ్బేటప్పుడు నీళ్ళు పోయకుండా చిలకరించాలి. పిండి చుక్క నీళ్ళ గిన్నెలో వేస్తే పైకి తేలాలి, అప్పుడే రుబ్బు కుదిరినట్టు. ఉప్పు ముందే వేశారా, పిండి జారిపోతుంది. ఒక్కో వాయికి సరిపడా పిండి తీసుకుని అప్పుడే ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి ముక్కలు, జీలకర్ర, కరివేపాకు కలుపుకోండి. కరకరలాడాలంటే కిలో పప్పు పిండికి గుప్పెడు బియ్యప్పిండి. మధ్యలో చిల్లు అందం కోసం కాదండోయ్. నడిమి పిండి కూడా అంచులతో సమానంగా ఉడకాలి కదా. అమెరికావాళ్ళ డోనట్టుకూ కిటుకు అదే. మూకుడులో నూనె బాగా కాగాక మంట మధ్యస్థంగా పెట్టండి. మూకుడులోకి రెండు లీటర్లు, చేతికింద ఇంకో లీటరు ఉంచుకోండి.

పెరుగు గారెలకు 60 గారెలు తీసి గోరువెచ్చటి నీళ్ళల్లో ఒక్క నిమిషం ముంచి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కండి. నాలుగు లీటర్ల పులవని పెరుగు కాస్త పల్చగా చిలికి, ఉప్పు, అల్లం కోరు కలిపి, ఆవాలు, జీలకర్ర, కరివేపాకుతో తాలింపు వేసి, అందులో గారెలు రెండు గంటలు నాననివ్వండి. మిరప కోసే చేతులకోసం కనుక ఇందులో పచ్చిమిర్చి, ఎండుమిర్చి రెండూ వద్దు. చెంచాలు తప్పకుండా పెట్టండి. అడిగి తీసుకోవడానికి మొహమాటపడతారు, అందుకని ఆకు పక్కన మనమే పెట్టాలి.

"మాకు చేలూ లేవు, కూలీలూ లేరు, ఇదంతా మాకెందుకు?" అంటారేమో. ఉండండి. మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి లేదూ? మీవారి కొట్లో సరుకు కట్టే కుర్రాడు లేడూ? గుంటూరులో కోల్డుస్టోరేజీల దగ్గర కూర్చుని రోజంతా మిరపకాయల ముచ్చికలు తీసే ఆడవాళ్ళ పక్కనుంచి మీరు ఆటోలో వెళ్ళలేదూ? పండగనాడు పనమ్మాయికి గారెలు ఇస్తాం. ఎప్పుడిస్తాం? మనందరం తిన్నాక, సాయంత్రం, చల్లారి తోలులా సాగేవి, చిరిగిన కాగితంలో చుట్టి ఇస్తాం. "పండక్కి నాగా పెట్టావు" అని నెల జీతంలోంచి రోజు కూడా కోస్తాం. నేనూ కోసినదాన్నే, అందుకే చెబుతున్నాను.

ఈ కనుమకు మూడే మూడు పనులు చేసి చూడండి. ఒకటి, మీ దగ్గర పనిచేసేవాళ్ళకు ఆ రోజు జీతం కొయ్యకుండా సెలవో, సగం పూట పనో ఇవ్వండి. రెండు, గారెలు వేడిగా ఉన్నప్పుడు, మీరు తినే పళ్ళెంలాంటి పళ్ళెంలోనే, కూర్చోబెట్టి పెట్టండి. మూడు, వాళ్ళింట్లో పండక్కి ఏం వండుకుంటారో ఒక్కసారి అడగండి. మూడోది అన్నిటికంటే చవక. కానీ అదే మనకు అన్నిటికంటే కష్టం.

దేవుడికి నైవేద్యం పెట్టాక మొదటి వాయి ఎవరికి అని మా ఇంట్లో ఇప్పుడు అడగక్కర్లేదు. మొన్నటి కనుమకు కూడా ఆ పిల్ల వచ్చింది. అదే, పెరుగు గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చున్న పిల్ల. ఇప్పుడు చేయి తిరిగిన కోతగత్తె. ఆ మూడేళ్ళ పిల్లాడికి పధ్నాలుగొచ్చాయి. వాడు ఈసారి తల్లితో రాలేదు. వాళ్ళ ఊళ్ళోనే అమ్మమ్మ దగ్గర ఉండి బడికి పోతున్నాడట. "వాడికో రెండు గారెలు కట్టివ్వమ్మా" అని అడగబోయి, ఆదోని చేరేలోగా పాడైపోతాయని తనే నవ్వేసింది. నేను మాత్రం ఓ డబ్బా నిండా అరిసెలు కట్టిచ్చాను. అరిసెలైతే పాడుకావు కదా.

మీ ఇంట కనుమ ఎలా జరిగిందో, మొదటి వాయి ఎవరి పళ్ళెంలో పడిందో నాకు ఉత్తరం రాయండి. గారెలు పేలి నూనె చిందిన కథలు కూడా రాయండి, నవ్వుకుందాం. వచ్చే వారం మిగిలిన మినప్పిండితో ఏమేం చేసుకోవచ్చో చెప్పుకుందాం. ఉంటాను మరి, పప్పు నానపోసుకోవాలి!